ఫారాలన్నీ మేమే నింపుతాం

మొన్న బాపట్ల బస్టాండులో బస్సు కోసం కూర్చుంటే ఎవరో చేతిలో ఒక కరపత్రం పెట్టి వెళ్ళారు. నీలం సముద్రం, తెల్ల ఓడ, పైన ఎర్ర అక్షరాలు. ఐదు రోజుల ఓడ విహారం, మన భోజనం, తోడుగా మన మనిషి. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట: "పెద్దవాళ్ళు నిశ్చింతగా రావచ్చు. ఫారాలన్నీ మేమే నింపుతాం."

అది చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ చివరి వాక్యం నాది. చాలా ఏళ్ళ కిందట, తెనాలిలో మా ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని, పాస్‌పోర్టు కాగితాలు చూసి బెదిరిపోయేవాళ్ళ కోసం రాశాను. అప్పటికి అది మంచి మాటే. ఇప్పుడెవరో దాన్ని ఎత్తుకుపోయి ఓడ బొమ్మ కింద అతికించారు. ఎత్తుకుపోయినందుకు నాకు బాధ లేదు. మేం కొట్లవాళ్ళం, పక్క కొట్టు బోర్డు మీది మాట వాడుకోవడం మా వీధిలో ఎవరూ తప్పుగా అనుకోరు. కానీ ఆ మాట వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అది నా చేతుల మీదుగా జరిగింది.

ప్రయాణికులకి తోడు వెళ్ళే ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జెండా పట్టుకుని ముందు నడవడం, మనుషుల్ని లెక్కపెట్టుకోవడం మీకు ఎవరో ఒకరు నేర్పుతారు. ఎదుటి మనిషి ఒంట్లో ఏముందో అడగడం నాకైతే ఎవరూ నేర్పలేదు. పైగా అడగవద్దని నేర్పారు.

పొట్లం కట్టే విద్య

మా నాన్నకి తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. నేను గిన్నెల మధ్య పెరిగాను. ఆయన నాకు చెప్పిన వ్యాపారమంతా ఒక్క వాక్యంలో పడుతుంది: "గిరాకీ నోట్లోంచి 'కానీ' అనే మాట రాకముందే పొట్లం కట్టెయ్యాలి." క్యారేజీ చూస్తూ ఒకావిడ "బాగానే ఉంది, కానీ..." అని నోరు తెరిచేలోపు మా నాన్న దాన్ని పాత పేపర్లో చుట్టి పురికొస బిగించేవాడు. కట్టిన పొట్లం విప్పమనడానికి మనుషులకి మొహమాటం.

బేరం కూడా అక్కడే అబ్బింది. నా బేరం ఎంత గొప్పదంటే, ఒకసారి బాపట్లలో అరటిపళ్ళ బండి దగ్గర పావుగంట వాదించి, నెగ్గి, ఆ సంతోషంలో పళ్ళు బండి మీదే వదిలేసి వచ్చాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా ఉద్యోగ జీవితమంతా దాదాపు ఇలాగే నడిచింది. బేరం నెగ్గాను, పళ్ళు మర్చిపోయాను.

చెన్నై నుంచి ఓడలు మొదలైన కొత్తలో మా యజమాని నలభై ఒక్కమందితో శ్రీలంక వెళ్ళివచ్చే ట్రిప్పు ఒకటి వేశాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె మనుషులు. దాదాపు అందరూ అరవై దాటినవాళ్ళు. ఓడవాళ్ళు మనిషికొక ఆరోగ్య ఫారం పంపారు. గుండె జబ్బు, షుగర్, బీపీ, ఉబ్బసం, ఈ మధ్య ఆపరేషన్, వాంతులు, విరేచనాలు. ఒక్కో ప్రశ్న పక్కన రెండు గడులు, అవును అని ఒకటి, లేదు అని ఒకటి.

"అందరికీ లేదనే పెట్టు," అన్నాడు మా యజమాని. "రోగం అడిగితే గిరాకీ లేచి పోద్ది."

ముగ్గు గీత లాగినట్టు పై నుంచి కిందికి 'లేదు' గడులన్నీ నింపుకుంటూ పోయాను. నలభై ఒక్క ఫారాలు. పక్కన పెట్టుకున్న టీ చల్లారేలోపు అయిపోయాయి. ఆ 'లేదు'లు చూపించి ఇన్సూరెన్సువాడితో బేరమాడి రేటు తగ్గించాను. అందరూ ఓడెక్కడానికి తగినవాళ్ళేనని ఒక డాక్టరు సంతకం కూడా కావాలన్నారు. మా యజమానికి తెలిసిన ఒకాయన కట్ట మొత్తం ముందు పెట్టుకుని సంతకాలు చేశాడు. మధ్యలో ఒక్కసారే తలెత్తాడు, కాఫీ వచ్చినప్పుడు. చదువుకున్నవాడు, ప్రాణాల మీద ప్రమాణం చేసినవాడు, ఒక్క మనిషి మొహం కూడా చూడలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. కాకపోతే ఆ కట్ట ఆయన ముందు పెట్టిన చేతులు నావి కనుక పైకి అనలేను.

రేపల్లె టీచర్ గారు

ఫారాల మీద ప్రయాణికుల సంతకాల కోసం రేపల్లె వెళ్ళాను. అక్కడ సుగుణ టీచర్ గారు ఉన్నారు. మిషన్ బడిలో ముప్పై ఏళ్ళకి పైగా సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆదివారం గుడికి వెళ్ళినా, సంతకి వెళ్ళినా పాత విద్యార్థి ఎవరో ఒకరు ఎదురుపడి చేతులు కట్టుకుని నిలబడేంత మనిషి.

"సముద్రం మధ్యలో నిలబడితే నాలుగు దిక్కులా నీళ్ళే కనపడతాయని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో, కనకం," అన్నారు. "నేను మాత్రం చూడలేదు. చూడకుండా చెప్పడం ఒకరకంగా అబద్ధమే గదా."

"ఇప్పుడు చూద్దురుగానిలెండి. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు. "బాగానే ఉందమ్మా, కానీ నాకు షుగరు. పొద్దున్నే ఇన్సులిన్ పొడుచుకుంటా. ఇక్కడ అడిగారు చూడు."

నాన్న చెప్పిన 'కానీ' వచ్చేసింది. నేను పురికొస అందుకున్నాను.

"ఈ రోజుల్లో షుగరు లేనిదెవరికండి, టీచర్ గారూ. దాన్ని రోగమంటారా?"

"అడిగారు కదమ్మా."

"అడుగుతారండి. ఉందన్నామంటే ఆ రిపోర్టు తెమ్మంటారు, ఈ రిపోర్టు తెమ్మంటారు. మీరు సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా."

ఆవిడ పెట్టారు. మిగతాది నేను చూసుకుంటానన్నాను కనుక పెట్టారు.

సముద్రం పట్టినవాళ్ళు తిడతారు

ఓడలో గదికి ఇద్దరు. సుగుణ టీచర్ గారికి జోడీగా నూకాలమ్మని వేశాను. బాపట్ల దగ్గర సముద్రపొడ్డు పల్లె, ఎండుచేపల వ్యాపారం. "మగాళ్ళు ఇన్నేళ్ళూ నన్ను ఒడ్డున కూర్చోబెట్టి పోయారు. ఈసారి నేను పోతా, ఆళ్ళని కూర్చోమను," అని చెప్పి ఎక్కిన మనిషి.

సాయంత్రం ఓడ బయలుదేరింది. మర్నాడు పొద్దున సముద్రం బాగా ఊగింది. టిఫిన్ దగ్గర మావాళ్ళు సగం మంది కూడా లేరు. టీచర్ గారి గదికి వెళ్తే ఆవిడ వాంతులు చేసుకుంటూ నన్ను తిట్టారు.

"నాలుగు దిక్కులా నీళ్ళు చూపిస్తానని తెచ్చి బక్కెట్టు చూపిస్తున్నావు, కనకం."

ఓడలో ఆస్పత్రి ఉంటుంది. అక్కడికి ఫోను చేశాను. నర్సు కంప్యూటర్లో చూసి అడిగింది: "ఫారంలో ఏ జబ్బూ లేదని ఉంది. షుగర్, గుండె జబ్బు, ఏమీ లేవు కదా?"

ఏమీ లేవన్నాను. ఫారంలో పెట్టిన అబద్ధానికి నోటితో ఇంకొకటి చేర్చాను. నలభై ఒక్క ఫారాల్లో ఒకటి తప్పని తేలితే మిగతావి కూడా తీస్తారని నా భయం. అయితే మామూలు వాంతులే, మాత్ర ఇచ్చి పడుకోనివ్వండి, మత్తుగా ఉంటుంది, అంది నర్సు. ఆ మాత్ర ఇచ్చి పడుకోబెట్టాను. ఆవిడ అప్పటికే అలవాటు ప్రకారం ఇన్సులిన్ పొడుచుకున్నారు. ఆ తర్వాత కడుపులో ఇడ్లీ ముక్క కూడా నిలవలేదు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ నర్సుకి తెలుసు. తెలిసిన మనిషికి నేను సంగతి చెప్పలేదు.

తర్వాత నేను పైకి వెళ్ళి ఏం చేశానో రాస్తే మీరు నవ్వుతారు. భోజనాల మేనేజరుతో పెరుగు కోసం బేరం పెట్టుకున్నాను. మావాళ్ళకి పెరుగన్నం తప్ప ఏదీ సయించడం లేదు, ఆయనేమో చిన్న కప్పులే ఇస్తానంటాడు. గట్టిగా వాదించి రెండు పెద్ద గిన్నెలు సాధించాను. ఆ గిన్నెలు పట్టుకుని నిలబడి ఉండగా నూకాలమ్మ వచ్చింది.

"కనకమ్మా, టీచరమ్మ తిట్టట్లేదు."

"తిట్టకపోతే మంచిదేగా, పిన్నీ."

"ఏం మంచిది? పడవ షికారుకొచ్చి సముద్రం పట్టి వాంతులతో దిగినోళ్ళని నేను బోలెడు మందిని చూశా. ఒక్కడూ ఊరుకోడు. పడవని తిడతాడు, ఎక్కించినోణ్ణి తిడతాడు, దేవుణ్ణి తిడతాడు. పొద్దున ఈవిడ నిన్ను తిట్టిందా లేదా? ఇప్పుడు మాట లేదు. జాకెట్టు తడిసి ముద్దయింది, చెయ్యి ఐసుముక్కలా ఉంది."

"మాత్ర మత్తు పిన్నీ, నిద్రపోతున్నారు."

"చల్లటి గదిలో నిద్రపోయేదానికి అంత చెమటేంటి? వచ్చి చూడు. పెరుగు యాడికీ పోదు."

వెళ్ళి చూశాను. టీచర్ గారి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. నన్ను చూసి, "హాజరు తీశావా పద్మా," అన్నారు. పద్మ ఎవరో నాకు తెలియదు. తర్వాత ఆ మాట కూడా ముద్దగా అయిపోయి ఆగిపోయింది. కంగారులో నిమ్మరసం గ్లాసు తీసి ఆవిడ నోటికి పెట్టబోయాను. నూకాలమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"మింగలేని నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. నీళ్ళలో మునిగినోళ్ళని తీసిన ఊరు మాది. ముందు ఫోన్ చెయ్యి."

ఫోను ఎత్తాను. ఎత్తి ఆగాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ నిమిషంలో కూడా నేను బేరమే ఆలోచించాను. స్పృహ తప్పిందని మాత్రం చెప్తే చాలదా, వచ్చాక వాళ్ళే కనిపెడతారుగా, నా నోటితో చెప్పడం ఎందుకు, అందరినీ కొలంబోలో దింపేస్తే నా గతేంటి అని. అటు నర్సు ఫోను తీసి హలో అంటోంది.

"సూదుల సంగతి చెప్పు," అంది నూకాలమ్మ.

"ఏ సూదులు?" అన్నాను తెలియనట్టు.

"పొద్దున పొట్ట మీద పొడుచుకుంది గదా. ఏంటమ్మా అది, ఓడవాళ్ళకి చెప్పావా అనడిగా. 'మా కనకానికి తెలుసులే' అంది."

అప్పుడు చెప్పాను. షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకున్నారు, ఏమీ తినలేదు, పొద్దున నేను మీకు అబద్ధం చెప్పాను అని వరసగా చెప్పేశాను. అటు ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. మేం తలుపు తీసి నిలబడేసరికి నర్సు, డాక్టరు మెట్లు దిగి వస్తున్నారు. వేలి మీద సూది గుచ్చి చూసి, డాక్టరు ఒక్క క్షణం కూడా ఆగకుండా నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు.

నేను గోడకి ఆనుకుని ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. సుద్దముక్క పట్టుకుని ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద పటాలు గీసిన చెయ్యి అది. కదల్లేదు. చాలా సేపు కదల్లేదు. తర్వాత వేళ్ళు కొద్దిగా ముడుచుకున్నాయి. ఇంకాసేపటికి టీచర్ గారు కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, నీరసంగా అన్నారు: "ఈ ఓడ తగలెయ్య."

"తిట్టింది," అంది నూకాలమ్మ. "ఇక పర్లేదు."

పేషెంటు దాచిందని రాసివ్వు

డాక్టరు నన్ను బయటికి పిలిచాడు. గొంతు పెంచలేదు. "పొద్దునే మీరు షుగరు అని ఉంటే, తిన్నారా, ఇన్సులిన్ తీసుకున్నారా అని మేం రెండు ప్రశ్నలు అడిగేవాళ్ళం. ఇంకో గంట ఆలస్యమైతే నేను మీతో ఇలా నిలబడి మాట్లాడేవాణ్ణి కాదు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మిగతా నలభై మందినీ పిలిచి ఫారాలు మళ్ళీ రాయించాడు. మూడొంతుల మందికి ఏదో ఒకటి ఉంది. ఒక పెద్దాయనకి మూడు నెలల కిందట గుండెకి స్టెంటు వేశారు. ఆ సంగతి పక్కన కూర్చున్న వాళ్ళావిడకి కూడా తెలియదు. ఆ సాయంత్రం వాళ్ళావిడ చేతిలో ఆయన పరిస్థితి ఓడ ఊపు కన్నా ఘోరంగా ఉంది. ఇంతా చేసి, ఓడవాళ్ళు ఒక్కరినీ దింపలేదు. ఎవరికి ఏముందో రాసుకున్నారు, ఎవరి మందులు ఎక్కడున్నాయో అడిగారు, అంతే. నేను ఏ భయంతో అబద్ధం చెప్పానో ఆ భయానికి ఆధారమే లేదు.

మర్నాడు సముద్రం తగ్గింది. టీచర్ గారు పైకి వచ్చి కుర్చీలో కూర్చుని నాలుగు దిక్కులా చూశారు. తర్వాత తన ఫారం తెచ్చి చూపించమన్నారు. చివరిదాకా చదివారు.

"సంతకం నాదే. పూర్తిగా చదవకుండా సంతకం పెట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని."

"తప్పంతా నాదండి, టీచర్ గారూ."

"నీ తప్పు నీది. ఇందులో నా వాటా కూడా ఉంది. అది నువ్వు తీసుకోకు."

ఇంకో నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తెనాలి వచ్చాక మా యజమాని నన్ను గదిలోకి పిలిచాడు. వైద్యం బిల్లు ఇవ్వబోమని ఇన్సూరెన్సువాళ్ళు అనేశారు. ఫారంలో అబద్ధం ఉంటే ఎందుకిస్తారు?

"పేషెంటు జబ్బు దాచిందని నువ్వో ముక్క రాసివ్వు, కనకం. ఆఫీసు మీదికి రాకూడదు."

"ఆవిడ దాచలేదండి. చెప్పింది. నేను దాచాను."

"ఆ తేడా ఎవరిక్కావాలి?"

"రేపల్లె మొత్తానికి కావాలండి. ఆవిడ దగ్గర చదువుకోని ఇల్లు అక్కడ లేదు. ఆవిడ అబద్ధమాడిందని మీరు కాగితం పుట్టించారంటే ఆ ఊళ్ళో ఇక ఒక్క బస్సు టికెట్ కూడా అమ్మలేరు."

ఆయన నా ముందు పెట్టిన తెల్లకాగితం వెనక్కి తీసుకున్నాడు. బిల్లు ఆఫీసే కట్టింది. ధర్మం చెప్తే వినని మనిషి గిరాకీ చెప్తే విన్నాడు. ఇందులో నా ధైర్యం ఏమీ లేదు, బేరమే. అయితే ఈసారి పళ్ళు బండి మీద వదిలి రాలేదు.

ఆ తర్వాత నేను అడిగినవి

అప్పటి నుంచి నేను ఓడ టికెట్ అమ్మితే, ప్రయాణానికి నెల రోజుల ముందు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేదాన్ని. "ఆవిడ దగ్గరికెళ్తే పెళ్ళిచూపుల్లో కూడా అడగనివి అడుగుద్ది," అని కొందరు వేరే ఆఫీసులకి పోయారు. పోనిచ్చాను.

మీరూ అడగండి. రోజూ వేసుకునే మందులు రాసిన డాక్టరు దగ్గరికే పంపండి, కట్టల మీద సంతకాలు పెట్టే మహానుభావుడి దగ్గరికి కాదు. అక్కడ అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: వాంతులై తిండి నిలవకపోతే ఈ ఇన్సులిన్, ఈ మాత్ర ఎంత తీసుకోవాలి, ఎవరిని అడగాలి? జవాబు కాగితం మీద రాయించుకోమనండి. టీకాలేమైనా కావాలేమో కూడా అప్పుడే అడగాలి, బయలుదేరే ముందురోజు అడిగితే ఉపయోగం లేదు.

మనవాళ్ళు మాత్రలు షీట్లలోంచి చిదిమి, తెల్లవీ పసుపువీ అన్నీ కలిపి ఖాళీ పిప్పరమెంటు డబ్బాలో పోసుకుంటారు. ఓడ డాక్టరుకి ఆ డబ్బా చూపిస్తే ఆయనకి రంగులు తప్ప ఏం తెలుస్తాయి? షీట్లతో, చీటీతో తెమ్మనండి. అవి చేతిసంచిలోనే ఉండాలి. రేవులో అప్పజెప్పిన పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, మధ్యాహ్నం మాత్ర దాని కోసం ఆగదు.

ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గదులు తక్కువ ఊగుతాయి. ఈ సంగతి తెలిసి కూడా నేను ముసలివాళ్ళకి పైన, ముందువైపు గదులు గొప్పగా చెప్పి అమ్మాను. ఊగే గదికి ఎక్కువ డబ్బు పుచ్చుకున్న ఘనురాలిని.

ఇంకొకటి, విరేచనాలు. ఓడవాళ్ళకి చెప్తే రెండు రోజులు గదిలో ఉంచుతారని మనవాళ్ళు దాస్తారు. దాచి ఊరుకుంటారా? ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి జాడీ తెరిచి, నలుగురినీ పిలిచి, అదే చేత్తో ముద్దలు కలిపి పెడతారు. ప్రేమే, కాదనను. మర్నాటికి ఆ నలుగురూ మంచాన పడతారు. చెంచా వాడమనండి. చేతులు సబ్బుతో కడుక్కోమనండి, గుమ్మం దగ్గర సీసాలో పెట్టే శానిటైజరు అన్ని సూక్ష్మజీవులకీ చాలదు. వినకపోతే కోప్పడండి. నేను వియ్యపురాలి వరస అయ్యే ఆవిడ మీదే కోప్పడ్డాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు, ఆరోగ్యంగా ఉంది.

చివరి ఫారం

నేను రిటైరయ్యే ముందు నడిపిన చివరి ఓడ ప్రయాణానికి సుగుణ టీచర్ గారు మళ్ళీ పేరిచ్చారు. రేపల్లె వెళ్ళాను. తన ఫారం తనే నింపారు. నాలుగు చోట్ల 'అవును' అని పెట్టి, పక్కన మందుల పేర్లు గుండ్రటి అక్షరాల్లో రాశారు.

"నీది?" అని అడిగారు. తోడు వెళ్ళేవాళ్ళకి కూడా ఫారం ఉంటుంది.

అక్కడే బల్ల మీద పెట్టి నింపాను. చేతి అలవాటు. పై నుంచి కిందికి గీత జారిపోయింది. ఆవిడ తీసుకుని చదివారు.

"అప్పటి ఓడలో రోజూ భోజనం కాగానే ఏదో మాత్ర వేసుకునేదానివి. ఏంటది?"

"బీపీకండి. కొంచెమే. ఈ రోజుల్లో ఎవరికి లేదండి, దాన్ని రోగమం..."

టీచర్ గారు సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, నేను పెట్టిన 'లేదు' చుట్టూ సున్న చుట్టి, కాగితం నా వైపు జరిపారు.

"మళ్ళీ రాయి."

ఇంకో ఫారం తీసుకున్నాను. ప్రతి గడి దగ్గరా ఆగి, ప్రశ్న చివరిదాకా చదివి రాశాను. ఆవిడ టీ తెప్పించారు. నేను ముగించేసరికి అది చల్లారిపోయి మీగడ కట్టింది. ఒక్క మనిషి ఫారానికి అంత సేపు పట్టింది. ఆ నలభై ఒకటీ కలిపి నింపడానికి నాకు అంత కూడా పట్టలేదు.